తొమ్మిది వాట్ల ముద్దాయి

తిరుపతిలో ఏ ఇంట్లో కరెంటు బిల్లు పెరిగినా విచారణ ఒక్క చోటే మొదలవుతుంది: స్నానాల గది బయట ఆర్పడం మరిచిన బల్బు దగ్గర. ఇంటి పెద్ద వస్తారు, స్విచ్చి ఠపీమని నొక్కుతారు, "ఎవరబ్బ సొమ్మనుకుంటున్నారు?" అని గోడలను నిలదీస్తారు. నేరం రుజువైపోతుంది. ముద్దాయి ఒక ఎల్‌ఈడీ, వయసు రెండేళ్లు, బరువు 9 వాట్లు.

అదే తలుపు వెనక 2000 వాట్ల గీజరు నిశ్చింతగా పని చేసుకుపోతుంటుంది. అది అరగంటలో మింగే యూనిట్‌తో ఈ బల్బు నాలుగు రోజులకు పైగా ఆరకుండా వెలుగుతుంది. అయినా గీజరును ఎవరూ పల్లెత్తు మాట అనరు. అనకూడదు కూడా. లోపల స్నానం చేస్తున్నది దర్శనానికి వచ్చిన పెదనాన్నగారు.

ఇతర ఊళ్లలో బిల్లు ఇంట్లోని మనుషులను బట్టి వస్తుంది. మనకు దర్శనం టికెట్లు విడుదలైన తేదీలను బట్టి వస్తుంది. 300 రూపాయల టికెట్టు దొరికిన బంధువులు ఒక విడత. దొరకనివారు మరో విడత; శ్రీనివాసం వసతి సముదాయం దగ్గర ఉచిత దర్శనం టోకెన్ల క్యూలో నిలబడాలని వీరు అర్ధరాత్రే లేస్తారు. "నీళ్లు కాగబెట్టి ఉంచమ్మా, చన్నీళ్లు నాకు పడవు" అని రాత్రి పదింటికే ఆజ్ఞ అవుతుంది. వారు లేచేదాకా ఆ నీళ్లు చల్లారడం, గీజరు మళ్లీ కాచడం, మళ్లీ చల్లారడం. పుణ్యం వారిది, యూనిట్లు మనవి.

పోనీ, ఇది చలికాలపు ముచ్చటా అంటే కాదు. మే నెలలో మేడ మీది నల్ల ట్యాంకులో నీళ్లు మధ్యాహ్నానికే చెయ్యి పెట్టనివ్వవు. కుళాయి తిప్పి "అబ్బా!" అని వెనక్కి గెంతినవారే, గీజరు వేశారా లేదా అని ఆరా తీస్తారు. ఆచారం మరి. కొండ మీద 2002లోనే ఎండతో ఆవిరి పుట్టించి భక్తులకు వంట చేసే ఏర్పాటు చేశారు. కొండ కింద మనం సూర్యభగవానుడికి ఇప్పటికీ వడియాల శాఖే అప్పగించి ఉంచాం.

ఫ్యానుదీ ఇదే మర్యాద. కొత్త రకం ఫ్యాను 30 వాట్లకు ఇచ్చే గాలికి హాల్లోని పాతది 75 దాకా అడుగుతుంది. కానీ అది పెళ్లినాడు మామగారు పెట్టిన ఫ్యాను. దాని వాట్లు లెక్కగట్టే ధైర్యం నాకు తెలిసిన ఏ అల్లుడికీ లేదు. ఏసీ సంగతి చెప్పనక్కర్లేదు. అది 24 డిగ్రీల దగ్గరే మొదలవ్వాలని 2020లో కేంద్రం నిబంధన తెచ్చింది. మన అతిథులు దాన్ని 18కి దించి, పరువు కోసం రెండు దుప్పట్లు అడుగుతారు.

కనుక వాట్లను వదిలి బంధుత్వాన్నే కొలవాలని నా ప్రతిపాదన. మన రాష్ట్రంలో 2022 నాటి ధరల పట్టీలో మొదటి 30 యూనిట్లకు ఒక్కోదానికి 1.90 రూపాయలు, 400 దాటిన వాటికి 9.75. ఎంత వాడినా మొదటి 30కి చవక ధర పోదు. దాటిన యూనిట్లకే మోత. ఎంత న్యాయమైన ఏర్పాటు! బంధువులకూ ఇదే వర్తింపజేద్దాం. మొదటి రెండు బకెట్లు అందరికీ ఉచితం. మూడో బకెట్ నుంచి రక్తసంబంధం పలచబడేకొద్దీ ధర పెరుగుతుంది. అన్నదమ్ములు తొలి స్లాబు, మేనత్త పిల్లలు మధ్య స్లాబు. "మీ నాన్నగారూ నేనూ ఒకే ఆఫీసులో చేశాం" అంటూ పిల్లాజెల్లాతో దిగేవారు నేరుగా 9.75.

ముసాయిదాను మొన్న రాత్రి భోజనాల దగ్గర చర్చకు పెట్టాను. అత్తవారి వైపు వారికి పూర్తి మినహాయింపు ఉండాలని ఒక సవరణ వచ్చింది, మూజువాణీ ఓటుతో నెగ్గింది. మిగిలిన ఏకైక వినియోగదారుడు మా పెదనాన్నగారు. ఆయన స్నానం ఇంకా కాలేదు.