628 కొట్టిన కుర్రాడు ఇంగ్లండ్‌కి ఎప్పుడూ ఆడలేదు

గ్రూపుల్లో మళ్లీ అదే ఫార్వర్డ్ తిరుగుతోంది. "పదమూడేళ్ల ఆర్థర్ కాలిన్స్ ఒక్క రోజులో 628 నాటౌట్ కొట్టాడు. తర్వాత ఇంగ్లండ్ స్టార్ అయ్యాడు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన రోజే, 1918 నవంబర్ 11న నేలకొరిగాడు. ఆ రికార్డును నేటికీ ఎవరూ దాటలేదు!" ఇందులో పేరు, వయసు, పరుగులు, యుద్ధంలో చావు, నవంబర్ 11 అనే తేదీ మాత్రమే నిజం.

మొదట ఆ "ఒక్క రోజు" సంగతి. 1899 జూన్‌లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో, క్లిఫ్టన్ కాలేజీ అనే స్కూల్లో చిన్న పిల్లల హౌస్ మ్యాచ్ అది, అంటే స్కూల్లోని జట్లే ఒకదానితో ఒకటి ఆడుకునేది. క్లాస్‌లు అయ్యాక ఆడుకునే ఆట. తొలి రోజు ఆట ఆగేసరికి కాలిన్స్ 200, రెండో రోజుకి 509, మూడో రోజుకి 598. నాలుగో రోజు 628 దగ్గర అవతలి ఎండ్‌లో చివరి వికెట్ పడిపోయింది. మొత్తం క్రీజులో ఉన్నది 6 గంటల 50 నిమిషాలు. రెండో రోజు నుంచి ఊరి జనం కూడా చూడ్డానికి వచ్చారట. వస్తారు మరి!

స్కోర్ వివరాలు చూస్తే నాకు ముచ్చటేసింది. ఒకే ఒక్క సిక్స్, 31 ఫోర్లు, 146 రెండులు. ఆ గ్రౌండ్ ఆకారమే వింత. దగ్గరి హద్దులు దాటితే రెండే పరుగులు. పల్లం వైపు కొడితే ఎన్నైనా పరిగెత్తి తీయాల్సిందే. క్యాచ్‌లు కూడా చాలానే వదిలేశారు. స్కోరర్ అయితే తర్వాత "628, ఓ ఇరవై అటూ ఇటూ అనుకోండి" అన్నాడని చెబుతారు. బౌలింగ్‌లోనూ ఆ మ్యాచ్‌లో 11 వికెట్లు తీశాడు. ఫార్వర్డ్ రాసినాయన అది మాత్రం వదిలేశాడు.

ఇక ఇంగ్లండ్ స్టార్. టెస్ట్ సంగతి సరే, కాలిన్స్ టెస్టుల కింది మెట్టయిన ఫస్ట్ క్లాస్ మ్యాచ్ కూడా ఒక్కటీ ఆడలేదు. ఆర్మీలో చేరి రాయల్ ఇంజనీర్స్ అనే ఇంజనీర్ల దళంలో ఆఫీసర్ అయ్యాడు. ఆ దళం జట్టు తరఫున లార్డ్స్‌లో ఆడాడు, అంతే. మనకి దగ్గరి మాట ఇంకొకటుంది. అతను పుట్టింది 1885లో హజారీబాగ్‌లో, అంటే నేటి జార్ఖండ్‌లో. తండ్రి అక్కడ సివిల్ సర్వీస్ జడ్జి. కుర్రాడు బడికి వచ్చేనాటికే తల్లిదండ్రులిద్దరూ లేరు.

రికార్డు మాట కూడా పాతబడింది. 2016 జనవరిలో ముంబై దగ్గర కల్యాణ్‌లో ఆటోడ్రైవర్ కొడుకు ప్రణవ్ ధనావడే స్కూల్ మ్యాచ్‌లో 1009 నాటౌట్ కొట్టాడు. అప్పుడు దేశమంతా మోగిపోయిన వార్త అది. దాన్ని మర్చిపోయి ఫార్వర్డ్ కొట్టడం ఎలాగో!

చివరిది తేదీ. నవంబర్ 11 కరెక్టే, కానీ సంవత్సరం 1914. యుద్ధం మొదలై మూడు నెలలు దాటిందంతే. ఆ ఏడాది వసంతంలోనే ఎథెల్ అనే అమ్మాయితో అతని పెళ్లయింది. నవంబర్‌కి బెల్జియంలోని ఈప్ర్ దగ్గర పోరులో 29 ఏళ్ల కెప్టెన్ కాలిన్స్ చనిపోయాడు. సమాధి తెలియని సైనికుల పేర్లు చెక్కిన మెనిన్ గేట్ మీద అతని పేరుంది. యుద్ధం ఆగిన తేదీ, అతను పోయిన తేదీ ఒకటే కావడంతో ఎవరో రెండూ కలిపేశారు. పంపేవాళ్లు కనీసం 1918ని 1914 అని దిద్ది పంపండి.