ఓకే గారికి ఓ బహిరంగ లేఖ

ఓకే గారూ,

పొద్దున లేచిన దగ్గర్నుంచి మీ పేరు తలవని తెలుగువాడు లేడు కాబట్టి పరిచయాలు అక్కర్లేదు. సంబంధం ఓకే, లోన్ ఓకే, బీపీ ఓకే. ఇంత పలుకుబడి ఉన్న మనిషి పుట్టుపూర్వోత్తరాలేంటా అని ఆరా తీస్తే, మీరు పుట్టిందే స్పెల్లింగు తప్పుగా అని తేలింది.

1839 మార్చి 23న అమెరికాలో బోస్టన్ మార్నింగ్ పోస్ట్ అనే పేపర్లో మీరు తొలిసారి అచ్చులో కనబడ్డారు. కావాలని స్పెల్లింగు చెడగొట్టి, మళ్ళీ దాన్ని పొడి అక్షరాల్లోకి కుదించడం అప్పట్లో అక్కడి పత్రికలవాళ్ళకి ఓ సరదా. 'ఆల్ కరెక్ట్'ని 'ఓల్ కొరెక్ట్' చేసి ఓ, కే అన్నారు. అంటే అంతా కరెక్టే అని చెప్పే మాటలో ఉన్న రెండక్షరాలూ తప్పే! 'ఆల్ రైట్'ని ఇలాగే చెడగొట్టగా పుట్టిన 'ఓ.డబ్ల్యూ.' అనే తోబుట్టువు కూడా మీకుండేది, పాపం బతికి బట్టకట్టలేదు. ఒక్క అక్షరం తేడా వస్తే తొడపాశం పెట్టిన మా ఇంగ్లీషు మాస్టార్లకి ఈ సంగతి ఎవరూ చెప్పకపోవడం మా ఖర్మ.

ఆ జోకుతోపాటే మీరూ పోవాల్సింది. ఏడాది తిరిగేసరికి రాజకీయాల్లో చేరారు. అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్‌ది కిండర్‌హుక్ అనే ఊరు, ఆయన్ని 'ఓల్డ్ కిండర్‌హుక్' అనేవాళ్ళు, ఇంకేం, 1840 ఎన్నికల్లో ఆయన మనుషులు ఓకే క్లబ్బులు పెట్టేశారు. ఆయన ఓడిపోయాడు, మీరు నెగ్గారు. (నమ్ముకున్నవాణ్ణి ముంచడం అప్పట్నుంచే ఉందన్నమాట.) పేరొచ్చాక వంశవృక్షాలూ మొలిచాయి. మీది చాక్టా అనే అమెరికా ఆదివాసీ తెగవాళ్ళ భాష అన్నారు కొందరు, తర్వాతెప్పుడో అధ్యక్షుడైన ఉడ్రో విల్సన్ అది నమ్మి మిమ్మల్ని ఇంకో స్పెల్లింగుతో రాసేవాడు. చివరికి 1963-64లో అలెన్ వాకర్ రీడ్ అనే ప్రొఫెసర్ పాత పేపర్లు తిరగేసి మీ అసలు జాతకం బయటపెట్టాడు.

సరే, పుట్టుక సంగతి వదిలేద్దాం, మా ఇళ్ళలో మీరు చేస్తున్న పనే నా గొడవ. "సింకు కింద నీళ్ళు కారుతున్నాయి, రేపు పొద్దున్నే రావాలి" అంటే ప్లంబర్ "ఓకే సార్" అంటాడు. అందులో రేపూ లేదు, పొద్దునా లేదు, సింకూ లేదు. పెళ్ళిచూపులయ్యాక అబ్బాయి ఎలా ఉన్నాడే అంటే అమ్మాయి "ఓకే" అంటుంది, మరీ అంత దరిద్రంగా లేడని దాని ఉద్దేశం, ఈలోగా తల్లి పంతులుగారికి ఫోన్ కలిపేస్తుంది. వాట్సాప్‌లో నాలుగు పేరాలు రాసి పంపితే ఉత్త 'కే' వస్తుంది. ఆ 'ఓ' కొట్టడానికి కూడా మనసు రాలేదంటే అవతల కోపం ఏ రేంజిలో ఉందోనని రాత్రంతా టెన్షన్.

పైగా మీకు చిన్నాపెద్దా తేడా లేదు. 'అలాగేనండి'లో మర్యాద ముందే కలిసి ఉండేది, మీకైతే మేమే అతికించాలి: ఓకే అండి, ఓకే సార్, ఓకే రా. అతికించకపోతే ఏమవుతుందో తెలుసా? మొన్న మా మామగారి మెసేజ్‌కి ఉత్త ఓకే పెడితే, పది నిమిషాల్లో మా ఆవిడకి ఫోన్: "అల్లుడుగారికి మన మీద ఏమైనా కోపమా అమ్మా?" వచ్చే పండక్కి అత్తారింటికి వెళ్ళాలి. ఆ సంజాయిషీ ఏదో మీరే వచ్చి ఇచ్చుకోండి.

ఇట్లు,
మీ పుణ్యమా అని అత్తారింట్లో ముద్దాయి