‘సగం కాలం’ అన్న మాట తీసేయండి

లేజర్‌తో పళ్ల క్లిప్పులు సగం కాలంలోనే తీసేయవచ్చన్న మీ వ్యాసం చదివాక రాయకుండా ఉండలేకపోయాను. మాది చెన్నై. మా అమ్మాయికి క్లిప్పులు వేయించి పదకొండు నెలలైంది. తీగ బిగించిన రాత్రి పెరుగన్నం కూడా నమలలేకపోయింది. చెంప లోపల గీరుకుంటున్న చోట మైనం ముద్ద అంటించుకుని, అన్నం మెత్తగా పిసికి పెడితే మింగింది. అది చూసిన తల్లికి ‘సగం కాలం’ అంటే ఎంత ఆశ!

పన్ను జరగాలంటే ఒకవైపు ఎముక కరగాలి, రెండోవైపు కొత్తది పుట్టాలి. అందుకే నెలకు సుమారు 1 మిల్లీమీటరే కదులుతుంది. ఇక్కడ వాడేది కోసే లేజర్ కాదు, కణాలను చురుకుపరుస్తుందని చిగుళ్ల మీద వేసే తక్కువ శక్తి కాంతి. కొన్ని పరీక్షల్లో వేగం పెరిగిన మాట నిజమే. కానీ కాంతి తరంగదైర్ఘ్యం (అలల పొడవు), మోతాదు, ఎన్నిసార్లు వేయాలన్నది ఒక్కో పరీక్షలో ఒక్కో తీరు. శస్త్రచికిత్స లేకుండా వేగం పెంచే పద్ధతులపై, వైద్య పరీక్షల ఫలితాలను కలిపి తూచే కోక్రేన్ సంస్థ 2023లో వెలువరించిన సమీక్ష కూడా ఆధారాలు బలంగా లేవనే చెప్పింది.

మా డాక్టరమ్మను అడిగితే, “ఆ డబ్బు దాచుకోండమ్మా, పిలిచిన తేదీకి తప్పకుండా తీసుకురండి, చాలు” అన్నారు. దయచేసి శీర్షిక మార్చండి.