హోటల్ పనికీ బీటెక్ ఇచ్చే కాలేజీ

బీటెక్ అనగానే మనకు కంప్యూటర్ సైన్స్, ఈసీఈ, మహా అయితే సివిల్, మెకానికల్ గుర్తొస్తాయి. న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో ఒక ప్రభుత్వ కాలేజీ హోటల్ నిర్వహణలో బీటెక్ ఇస్తుంది. నాటకాలకీ, కచేరీలకీ స్టేజీ మీద లైట్లు, సౌండ్ నడిపే పనిలో బీటెక్ ఇస్తుంది. పెద్ద భవనాల్లో ఏసీలు, బాయిలర్లు, కరెంటు వ్యవస్థ చూసుకునే పనిలోనూ బీటెక్ ఉంది. పళ్లు క్లీన్ చేసే పనికి, కట్టుడు పళ్లు తయారుచేసే పనికి, కళ్లజోళ్లు కొలతలు తీసి అమర్చే పనికి అక్కడ రెండేళ్ల డిగ్రీలున్నాయి. ఆ కాలేజీ పేరు న్యూయార్క్ సిటీ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ. ఊళ్లో అందరూ సిటీ టెక్ అంటారు.

జే స్ట్రీట్–మెట్రోటెక్ సబ్‌వే స్టేషన్లో దిగి నాలుగడుగులు వేస్తే చాలు, కాలేజీ వచ్చేస్తుంది. అదే స్టేషన్ దగ్గర న్యూయార్క్ యూనివర్సిటీ వారి టాండన్ ఇంజినీరింగ్ స్కూల్ కూడా ఉంది. ఎమ్మెస్ కోసం వెళ్లిన మన పిల్లలు ఎందరో రోజూ అక్కడే రైలు దిగుతారు. టాండన్ ఫీజు ఎంత, దాని ర్యాంకు ఎంత అని ఇక్కడ అమ్మానాన్నలు కూడా చెప్పగలరు. రోడ్డు దాటితే కనిపించే సిటీ టెక్ మాట మాత్రం మన ఇళ్లలో వినపడదు. నా దృష్టిలో, మన రెండు రాష్ట్రాల్లో చదువుల గురించి ఆలోచించేవాళ్లు ముందుగా చూడాల్సింది ఆ రెండో కాలేజీనే.

దాని పుట్టుకలోనే ఒక స్పష్టత ఉంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి సైనికులు ఇళ్లకు తిరిగొస్తున్న రోజులవి. చదువుకోవడానికి ప్రభుత్వం డబ్బిస్తోంది. కానీ పెళ్లాం పిల్లలున్నవాళ్లకు నాలుగేళ్లు తరగతి గదిలో కూర్చునే తీరిక లేదు. అలాంటివాళ్లకు త్వరగా పని నేర్పాలని న్యూయార్క్ రాష్ట్రం 1946లో కొన్ని ఊళ్లలో రెండేళ్ల సంస్థలను ప్రయోగంగా మొదలుపెట్టింది. బ్రూక్లిన్‌లో పెట్టిన సంస్థే ఇది. 1953లో రెండేళ్ల డిగ్రీలిచ్చే కమ్యూనిటీ కాలేజీ అయింది. 1964లో క్యూనీలో, అంటే సిటీ యూనివర్సిటీ ఆఫ్ న్యూయార్క్‌లో భాగమైంది. 1971లో వూర్హీస్ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ వచ్చి ఇందులో కలిసింది. 1980లో నాలుగేళ్ల డిగ్రీలిచ్చే సీనియర్ కాలేజీ హోదా వచ్చింది. 2002లో ఇప్పటి పేరు పెట్టారు.

ఇన్ని పేర్లు మారాయి కదా, 1980లో జరిగిన మార్పు దగ్గర మాత్రం కాస్త ఆగాలి. పై హోదా రాగానే కింది మెట్టును వదిలించుకోవడం చాలా సంస్థలు చేసే పని. పేరు పెద్దదవుతుంది, చిన్న కోర్సులు మూతపడతాయి. సిటీ టెక్ రెండేళ్ల అసోసియేట్ డిగ్రీలను అలాగే ఉంచుకుని, వాటి మీద నాలుగేళ్ల డిగ్రీలను కట్టింది. ఈ కాలేజీకి ప్రాణం ఆ నిర్ణయంలోనే ఉంది.

అది ఎలా పనిచేస్తుందో చూడండి. ఒకమ్మాయి అక్కడ డెంటల్ హైజీన్‌లో రెండేళ్ల డిగ్రీ చేస్తుంది అనుకుందాం. కాలేజీలోనే డెంటల్ క్లినిక్ ఉంది. బయటి జనం వచ్చి తక్కువ ఖర్చుతో పళ్లు శుభ్రం చేయించుకుంటారు, ఆ అమ్మాయి పని నేర్చుకునేది వాళ్ల దగ్గరే. డిగ్రీ చేతికొచ్చాక రాష్ట్రం పెట్టే లైసెన్సు షరతులు పూర్తి చేసుకుంటే ఉద్యోగంలో చేరొచ్చు. కొన్నేళ్లకు క్లినిక్‌ను తనే నడిపే స్థాయికి వెళ్లాలనిపిస్తే, అదే కాలేజీకి తిరిగొచ్చి ఆరోగ్య సేవల నిర్వహణలో బ్యాచిలర్ డిగ్రీ చేయొచ్చు. మొదట చదివిన రెండేళ్లు లెక్కలోకి వస్తాయి. ఏసీలు, హీటింగ్ యంత్రాల పని రెండేళ్లు చదివిన కుర్రాడు ఫెసిలిటీస్ మేనేజ్‌మెంట్, అంటే భవనాల నిర్వహణ, బీటెక్ వైపు వెళ్తాడు. హోటల్ విభాగంలో విద్యార్థులే వండి, వడ్డించి నడిపే భోజనశాల ఉంది. ఊళ్లోవాళ్లు టేబుల్ బుక్ చేసుకుని వచ్చి తింటారు. ఉప్పు తక్కువైతే పరీక్ష పేపర్ దిద్దేదాకా ఆగక్కర్లేదు, అప్పుడే తెలిసిపోతుంది.

అంటే ఎక్కడ ఆగినా చేతిలో ఒక పని ఉంటుంది. ఎప్పుడు మళ్లీ ఎక్కాలన్నా మెట్టు అక్కడే ఉంటుంది. పేదింటి పిల్లలకు ఇంతకు మించిన భద్రత ఏ స్కాలర్‌షిప్పూ ఇవ్వలేదని నాకనిపిస్తుంది. వాళ్ల చదువు మధ్యలో ఆగిపోవడానికి బుర్ర లేకపోవడం ఎప్పుడో గాని కారణం కాదు. ఇంట్లో ఎవరికో జబ్బు చేస్తుంది, నాన్న పని పోతుంది, అద్దె పెరుగుతుంది. అలా ఆగిన చోట చేతికి ఏమీ రాకపోతే, అప్పటిదాకా చదివిందంతా వృథా అవుతుంది.

ఇక అక్కడి విద్యార్థులు. హాస్టల్ లేదు. అందరూ సబ్‌వేలోనో బస్సులోనో వచ్చి వెళ్లేవాళ్లే. హిస్పానిక్, నల్లజాతి, ఆసియా కుటుంబాల పిల్లలు ఎక్కువ. వలస వచ్చినవాళ్లు, ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్లు, ఉద్యోగం చేస్తూ చదివేవాళ్లు చాలామంది. న్యూయార్క్ వాసులకు పూర్తికాలం చదువుకు ఏడాది ట్యూషన్ 6,930 డాలర్లు. పేద విద్యార్థులకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంటు గరిష్ఠంగా 7,395 డాలర్లు. అంటే పూర్తి గ్రాంటు వచ్చే విద్యార్థికి ట్యూషన్ పోగా కొంత మిగులుతుంది కూడా. ఒకప్పుడు క్యూనీలో అసలు ట్యూషన్ ఫీజే ఉండేది కాదు. నగరం దివాలా అంచుకు వెళ్లాక 1976లో ఫీజు పెట్టారు. ఆ గాయం గురించి న్యూయార్క్‌లో ఇప్పటికీ మాట్లాడుకుంటారు.

తలుపులు తెరిచి ఉన్నాయి, ఫీజు అందుబాటులో ఉంది, కోర్సులు పనికొచ్చేవి. మరి చేరినవాళ్లందరూ పూర్తి చేస్తున్నారా? లేదు. అనుకున్న గడువులో డిగ్రీ పూర్తి చేసేవాళ్లు తక్కువ. సిటీ టెక్‌ను పొగిడేవాళ్లు ఈ మాట దాటేయకూడదు. రాత్రి షిఫ్టు చేసి పొద్దున గణితం క్లాసులో కూర్చునే పిల్లాడు ఎన్నాళ్లు నిలబడతాడు? ముఖ్యంగా మొదటి ఏడాది గణితం దగ్గరే చాలామంది చతికిలపడతారు. తలుపు తీసి రమ్మనడం ఒక ఎత్తు, లోపలికొచ్చినవాణ్ని చివరిదాకా తీసుకెళ్లడం మరో ఎత్తు.

రెండో పని ఎలా చేయాలో క్యూనీయే చేసి చూపించింది. 2007లో ఏసాప్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. తర్వాత సిటీ టెక్‌కూ అది వచ్చింది. అందులో పెద్ద రహస్యమేమీ లేదు. గ్రాంటు పోను మిగిలిన ట్యూషన్ కట్టేస్తారు. సబ్‌వే, బస్సు పాసు ఇస్తారు. పుస్తకాల ఖర్చుకు సాయం చేస్తారు. కొద్దిమంది విద్యార్థులకే ఒక సలహాదారును పెడతారు. క్లాసుకు రాకపోతే ఆయనే ఫోన్ చేసి ఏమైందని అడుగుతాడు. విద్యార్థి పూర్తికాలం చదవాలి, సలహాదారును తరచూ కలవాలి. ఎండీఆర్‌సీ అనే పరిశోధన సంస్థ క్యూనీ కమ్యూనిటీ కాలేజీల విద్యార్థులను లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి మూడేళ్లు గమనించింది. 2015లో ఫలితాలు వచ్చాయి. మామూలు గుంపులో 22 శాతం మంది డిగ్రీ పూర్తి చేస్తే, ఏసాప్ గుంపులో 40 శాతం మంది పూర్తి చేశారు. దాదాపు రెట్టింపు. బస్సు పాసు, ఒక ఫోన్ కాల్ లాంటివి కలిసి ఇంత తేడా తెచ్చాయంటే మనం ఆగి ఆలోచించాలి.

దీనికి పక్కనే ఇంకో ఉదాహరణ ఉంది. 2017లో న్యూయార్క్ రాష్ట్రం ఎక్సెల్సియర్ అనే ఉచిత ట్యూషన్ పథకం తెచ్చింది. దేశమంతా దాని గురించి మాట్లాడుకుంది. కానీ ఏడాదికి 30 క్రెడిట్లు, అంటే పూర్తికాలం విద్యార్థి చదివేంత కోర్సు, పూర్తి చేయాలనే షరతు పెట్టారు. వారానికి ముప్ఫై గంటలు పని చేసే సిటీ టెక్ విద్యార్థికి ఆ షరతు దాటడం చాలా కష్టం. పథకం పేరు ఉచితం, దాని అవసరం ఎక్కువ ఉన్నవాళ్లలో చాలామంది బయటే ఉండిపోయారు. ఏసాప్ కూడా పూర్తికాలం చదువే అడుగుతుంది, కానీ అలా చదవడానికి కావలసిన సాయం ముందు చేసి తర్వాత అడుగుతుంది. ఆ తేడా చిన్నది కాదు.

పీ-టెక్ సంగతి కూడా చెప్పుకోవాలి. 2011లో బ్రూక్లిన్‌లోని క్రౌన్ హైట్స్‌లో ఐబీఎం, నగర విద్యా శాఖ, సిటీ టెక్ కలిసి మొదలుపెట్టిన స్కూలు అది. తొమ్మిదో తరగతిలో చేరిన పిల్లలు ఆరేళ్లలో హైస్కూల్‌తో పాటు అసోసియేట్ డిగ్రీ కూడా తెచ్చుకోవచ్చు, పైసా ఖర్చు లేకుండా. 2013 అక్టోబరులో అధ్యక్షుడు ఒబామా ఆ స్కూలుకు వచ్చారు. తర్వాత ఇలాంటి స్కూళ్లు చాలా చోట్ల వెలిశాయి. అందరూ ఐబీఎం పేరే చెప్పుకున్నారు. ఆ పిల్లలకు కాలేజీ పాఠాలు చెప్పి, క్రెడిట్లు ఇచ్చిన సిటీ టెక్ పేరు ఎవరికీ గుర్తులేదు. డిగ్రీ మీద ఉన్నది మాత్రం ఆ పేరే.

పెరుగుదల మాటకొస్తే, 2010ల్లో విద్యార్థుల సంఖ్య 17 వేలు దాటింది. కోవిడ్ తర్వాత తగ్గింది. 2018లో జే స్ట్రీట్‌లోనే సుమారు 3.5 లక్షల చదరపు అడుగుల కొత్త భవనం తెరిచారు. నర్సింగ్, దంత, నేత్ర విభాగాలు, పెద్ద ఆడిటోరియం అందులోకి వచ్చాయి. ఆ భవనం ఎంత పెద్దదన్న దానికంటే ఎక్కడుందన్నది నాకు ముఖ్యంగా తోస్తుంది. 2004లో భవన నిర్మాణ నిబంధనలు మార్చాక డౌన్‌టౌన్ బ్రూక్లిన్‌లో ఆకాశహర్మ్యాలు లేచాయి, స్థలాల ధరలు, అద్దెలు విపరీతంగా పెరిగాయి. అలాంటి చోట ప్రభుత్వ కాలేజీని ఊరి చివరకు తరలించి ఆ స్థలం అమ్ముకోవాలని ఏ ప్రభుత్వానికైనా అనిపించొచ్చు. వాళ్లు అక్కడే ఇంకో భవనం కట్టారు. ఎన్నో సబ్‌వే లైన్లు కలిసే చోట కాలేజీ ఉంటేనే, పని నుంచి క్లాసుకీ, క్లాసు నుంచి ఇంటికీ వెళ్లే విద్యార్థికి రోజు సరిపోతుంది.

ఇప్పుడు మన ఊళ్లకు వద్దాం. పని నేర్పే కాలేజీలు మనకు కొత్తా? కాదు. సికింద్రాబాద్‌లో ప్రింటింగ్ టెక్నాలజీకి ప్రత్యేకంగా ప్రభుత్వ సంస్థ ఉంది. ఎలక్ట్రానిక్స్‌కి ఇంకొకటి ఉంది. గూడూరులో సిరామిక్స్‌కి, విశాఖలో కెమికల్ ఇంజినీరింగ్‌కి ప్రభుత్వ డిప్లొమా సంస్థలున్నాయి. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో ప్రభుత్వ పాలిటెక్నిక్ నగరం నడిబొడ్డున ఉంది. ఇవి పెట్టినవాళ్ల చూపు గొప్పది. పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి వచ్చే పల్లెటూరి పిల్లల్ని మూడేళ్లలో పనిమంతుల్ని చేసి పంపాలన్నది వాళ్ల ఆలోచన.

కానీ మనం వాటి పైన మెట్లు కట్టలేదు. డిప్లొమా తర్వాత పైకి వెళ్లాలంటే ఈసెట్ రాయాలి, ఇంకో కాలేజీలో బీటెక్ రెండో ఏడాదిలో చేరాలి. దాంతో డిప్లొమా అంటేనే బీటెక్‌కి దగ్గరి దారి అన్న అభిప్రాయం స్థిరపడింది. చివరి ఏడాదిలో ల్యాబ్ కంటే ఈసెట్ కోచింగ్ టెన్షనే ఎక్కువ. నేను మాట్లాడిన డిప్లొమా పిల్లల్లో చాలామంది, 'ఉద్యోగంలో చేరితే చదువు ఆగిపోతుంది సార్' అంటారు. వాళ్లు చెప్పేది నిజం. మన దగ్గర ఉద్యోగమూ చదువూ ఒకదానికొకటి అడ్డు. పనిచేస్తూ చదివేవాళ్లకు బీటెక్ నడుపుకోవచ్చని ఏఐసీటీఈ అనుమతి ఇచ్చింది, కొన్ని కాలేజీలు నడుపుతున్నాయి. కానీ అవీ ఎక్కువగా మామూలు ఇంజినీరింగ్ బ్రాంచీలే. హోటల్లో పనిచేసేవాడికి, డయాగ్నస్టిక్ సెంటర్లో ఎక్స్‌రే తీసేవాడికి, థియేటర్లో లైట్లు చూసేవాడికి తను చేసే పనిలోనే పై డిగ్రీ ఏది?

తెలంగాణ ప్రభుత్వం 2024లో చట్టం చేసి యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీ పెట్టింది. దానికి మొదటి చైర్మన్‌గా పారిశ్రామికవేత్త ఆనంద్ మహీంద్రాను నియమించారు. పరిశ్రమలతో కలిసి కోర్సులు నడపాలన్న ఆలోచన మంచిదే, అది నిలబడాలని మనసారా కోరుకుంటున్నాను. క్యాంపస్‌ను మాత్రం రంగారెడ్డి జిల్లా మీర్‌ఖాన్‌పేటలో, నగరానికి దూరంగా కడుతున్నారు. పగలు పనిచేసి సాయంత్రం క్లాసుకు వెళ్లాల్సిన కుర్రాడు అమీర్‌పేట నుంచి అక్కడికి ఎప్పుడు చేరతాడు, ఎప్పుడు తిరిగొస్తాడు? పూర్తికాలం చదివేవాళ్లకు ఆ క్యాంపస్ సరిపోవచ్చు. పనిలో ఉన్నవాళ్లకు కాలేజీ మెట్రో స్టేషన్ పక్కన ఉండాలి.

ఆ స్థలాలు ఇప్పటికే ప్రభుత్వం చేతిలో ఉన్నాయి. నగరం మధ్యలో ఉన్న పాలిటెక్నిక్‌ల ల్యాబ్‌లకు సాధారణంగా సాయంత్రం ఐదింటికల్లా తాళాలు పడతాయి. ఒక్క పాలిటెక్నిక్‌లో, ఒక్క పనిలో, ఆరింటి నుంచి తొమ్మిదింటి దాకా డిగ్రీ క్లాసులు మొదలుపెట్టి చూడొచ్చు. చదివిన డిప్లొమాకు పూర్తి క్రెడిట్ ఇవ్వాలి, చెప్పడానికి ఆ పనిలో ఇరవై ఏళ్లున్న మనిషిని పిలవాలి, చేరినవాళ్లకు బస్సు, మెట్రో పాసు చేతిలో పెట్టాలి. రెండు రోజులు క్లాసుకు రానివాళ్లకు ఫోన్ చేసి అడిగే ఒక ఉద్యోగిని కూడా, మొదటి రోజు నుంచే, జీతమిచ్చి పెట్టాలి.