పొదుపు సంఘమా, వసూలు సంఘమా?

(బెంగళూరు కేఆర్ పురంలో ఓ అద్దె ఇల్లు. నెల్లూరు జిల్లాలో పొదుపు సంఘానికి రెండో లీడరుగా చేసొచ్చిన వదిన, ఈ వీధిలో ఇంటిపనులకెళ్లే తెలుగు ఆడవాళ్లతో సంఘం పెడతానంటోంది. ఫైనాన్స్ కంపెనీలో లెక్కలు చూసే మరదలికి అది గిట్టదు.)

మరదలు: ఇక్కడ కూడా మొదలుపెట్టావా వదినా? పదిమందిని పోగేసి అప్పిప్పించడం, ఒకామె కట్టకపోతే మిగతావాళ్లు ఆమె గుమ్మం ముందు కూర్చోవడం. బ్యాంకుకి జీతంలేని వసూలు మనుషులు మీరు.

వదిన: మా వైపు ముందొచ్చింది అప్పు కాదమ్మాయ్. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మాన్పించారు. చదువుకోడానికి రాత్రిపూట చేరినవాళ్లే వాళ్లంతా. మరుసటేడు ప్రభుత్వమే సారా నిషేధించింది. రోజుకో రూపాయి పొదుపు ఆ తర్వాతే.

మరదలు: అదే 1992లో నాబార్డ్, అంటే పల్లెల అప్పులు చూసే జాతీయ బ్యాంకు, 500 సంఘాలతో బ్యాంకు లింకేజి మొదలుపెట్టింది, సంఘాలకి బ్యాంకులచేత అప్పిప్పించడమన్నమాట. తనఖా అడక్కుండా అప్పెందుకిచ్చారనుకున్నావ్? మీ పరువే తనఖా గనక. 2010 నాటికి చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్ కంపెనీలవాళ్లు వాలిందీ మీ ఊళ్లమీదే. వారంవారం కిస్తీ, ఒకటి కట్టడానికి ఇంకోటి. ఆత్మహత్యలు జరిగాక ఆ ఏడు అక్టోబరులో వాళ్లని కట్టడి చేస్తూ ఆర్డినెన్సు తెచ్చారు. ఈ కర్ణాటకలోనూ మొన్న 2025 ఫిబ్రవరిలో అలాంటిదే తెచ్చారు.

వదిన: వాళ్ల మీటింగంటే కిస్తీ లెక్కపెట్టుకోవడమే. మా దగ్గర డబ్బు మాది. ఒకామెకి కుట్టుమిషను, ఇంకొకామెకి కూతురి కాలేజీ ఫీజు. ఎవరికి ముందని రాత్రి పదింటిదాకా పోట్లాడుకున్నాకే తీర్మానాల పుస్తకంలో రాసేది. మొదటిసారి సంతకం పెడుతూ పెన్ను గట్టిగా నొక్కి కాగితం చించినామె, ఏడాది తిరిగేసరికి కూడిక తప్పని నన్నే నిలదీసింది. ఏ కంపెనీ నేర్పుద్ది ఇది?

మరదలు: అంతా చేసి ఆ డబ్బుతో మొగుడికి ఆటో కొనిస్తుంది. బండి ఆయన పేరున, కిస్తీ ఈమె పేరున.

వదిన: కొన్నారు... చాలామందే కొన్నారు.

(వదిన మాట తగ్గిందిక్కడే. మరదలు ఆ సందు వదల్లేదు.)

మరదలు: పైగా మాఫీలు. 2014లో మాఫీ చేస్తారని కిస్తీలాపేసిన సంఘాలకి వడ్డీ మీద వడ్డీ పడింది. నాయకుల సభలకి బస్సులెక్కడం సరేసరి.

వదిన: రాకపోతే ఫైనన్నారు, ఎక్కాం. నాకూ మంటే. కానీ ఈ వీధిలో ఇప్పుడు అప్పిచ్చేదెవరో చూశావా? నూటికి ఐదు రూపాయల వడ్డీవాడు. ఏడాదికి 60 శాతం! ఊళ్లో మాకు పడింది పావలా వడ్డీ, అంటే 3 శాతం.

మరదలు: మిగతాది ప్రభుత్వం కట్టింది గనక! ఇక్కడ కట్టేదెవరు? ఊళ్లో మనిషి ఎక్కడికీ పోదు, ఇక్కడ పదకొండు నెలల అగ్రిమెంటు. అద్దె పెంచితే రాత్రికి రాత్రే పక్కనున్న హూడికి పోతారు.

వదిన: అందుకే ఆరు నెలలు నెలకి 200 సొంత పొదుపే. బ్యాంకైనా ఆరు నెలల నడక చూడందే ఇవ్వదు. ఇల్లు మారేవాళ్లకి వాళ్ల డబ్బు లెక్కగట్టి ఇచ్చేయాలని మొదటి తీర్మానం.

మరదలు: అప్పుంచి పారిపోతే?

వదిన: దాచిందానికి మించి ఇస్తేగా! మొదటేడు అంతే.

మరదలు: అంటే 1,200 దాచినామెకి 1,200 అప్పు. దానికి సంఘమెందుకు, ఇంట్లో డబ్బా చాలదూ?

వదిన: డబ్బా ఇంట్లో ఉంటే శనివారం సాయంత్రానికి మీ అన్నలాంటోళ్ల చేతిలో ఉంటుంది.

మరదలు: మా అన్నని మధ్యలోకి లాగకు. ఆ వెళ్లిపోయేవాళ్ల రూలు మాత్రం నోటిమాటగా చెప్తే కుదరదు, మొదటి పేజీలో రాయించు.