తీసివేతలో ఉండే అప్పు గారికి

మహారాజశ్రీ అప్పు గారికి,

తమరు క్షేమమని తలుస్తాను. ఇక్కడ మేం క్షేమంగా లేం. నిన్న ఆదివారం, పప్పూ ఆవకాయా కలుపుకుని తిని ఓ కునుకు తీయాల్సిన వేళ, విజయవాడ సత్యనారాయణపురంలో మా హాల్లో నేల మీద బోర్లా పడుకుని, రెండో తరగతి చదివే మా అమ్మాయితో కలిసి 52లోంచి 27 తీసేస్తూ రెండున్నర గంటలు గడిపాను. మధ్యలో కరెంటు పోయింది. తమరు మాత్రం పోలేదు.

మొదటిసారి జవాబు 35 అంది. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేసింది. పెద్దదాంట్లోంచి చిన్నది తీయాలని మేమే కదా నేర్పాం! సరే, పక్కనున్న ఐదు దగ్గర అప్పు తెచ్చుకోమన్నాను. తెచ్చుకుంది. పన్నెండులోంచి ఏడు పోతే ఐదు. కానీ అప్పిచ్చిన ఐదుని నాలుగు చేయడం మర్చిపోయి అందులోంచి రెండు తీసేసింది. మళ్ళీ 35! రెండు వేరు వేరు తప్పులు, జవాబు మాత్రం ఒకటే. టీచరమ్మ ఎర్ర పెన్నుతో ఇంటూ కొట్టేస్తే పిల్ల ఏ తప్పు చేసిందో ఆమెకీ తెలియదు, పిల్లకీ తెలియదు. ఎన్ని లెక్కలుండగా ఈ 52, 27లనే ఏరి వర్క్‌షీట్‌లో పెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆయనకో దండం.

ఇంగ్లీషు మీడియం కాబట్టి మా అమ్మాయికి తమరు అప్పు కాదు, బారో. దాని దృష్టిలో బారో అంటే ఐదు మీద అడ్డగీత కొట్టి పైన బుల్లి నాలుగు వేయడం. అదో బొమ్మ, అంతే. పాపం, థర్టీయా, థర్టీనా అన్న దగ్గరే సగం ఏడాది పోయింది. పదమూడు అని నోటితో అంటే పదీ మూడూ వరసగా వినపడతాయి, ముప్పైతో కలిసే ప్రమాదమే లేదు. ఆ సుఖం ఎటూ లేదు కదా, కనీసం బారో అంటే ఏంటో తెలుగులో చెబుదామనుకున్నాను. అదే నేను చేసిన పొరపాటు.

"బారో అంటే అప్పు తల్లీ."

"మరి ఐదుకి ఎప్పుడు తిరిగిస్తాం నాన్నా?"

దీనికి తమరి దగ్గర సమాధానం ఉందా? నా దగ్గర లేదు. నెల మొదటి వారం వచ్చిందంటే ఈఎంఐ మెసేజీలతో ఫోను మోగిపోయే ఇల్లు మాది. 2015లో కాల్‌మనీ అనే అధిక వడ్డీ అప్పుల గొడవతో పేపర్లకెక్కిన ఊరు మాది. అప్పు తెచ్చుకుని, గీత కొట్టి, హాయిగా కింద గీత గీసేసి జవాబు రాసుకోవచ్చని ఈ ఊళ్ళో పుట్టిన పిల్లకి ఏ మొహం పెట్టుకుని చెప్పను?

మా నాన్న అయితే తీర్చేవాడు. వన్‌టౌన్‌లో బట్టల కొట్టులో ముప్పై ఏళ్ళు పద్దులు రాసిన మనిషి. "రెండులోంచి ఏడు పోదు, పన్నెండులోంచి ఏడు పోతే ఐదు, చేతిలో ఒకటి. కింద రెండూ ఒకటీ మూడు, ఐదులోంచి మూడు పోతే రెండు." జవాబు 25. పైన పది తెచ్చుకున్నాడు, కింద పది కలిపి లెక్క సరిచేశాడు. రెండువైపులా పదేసి పెరిగితే తేడా మారదు. పదేళ్ళ తర్వాత కూడా నాకూ నా కూతురికీ వయసు తేడా ఇంతే కదా. పోయిన వారం తాతయ్య దగ్గర కూర్చుని ఇలాగే చేసుకెళ్ళింది. జవాబులన్నీ కరెక్టు. స్టెప్స్ రాంగ్ అని అన్నిటికీ ఎర్ర సున్నా చుట్టి, ఒక్కోటీ పదేసిసార్లు రాసుకురమ్మన్నారు. నిన్న మధ్యాహ్నం కునుకు పోయింది అందుకే. అప్పు తీర్చినవాడికి సున్నా, ఎగ్గొట్టినవాడికి టిక్కు!

పిల్లలకి చదువూ లెక్కలూ ఎంతవరకు వచ్చో చూసే అసర్ సర్వే వాళ్ళు దేశమంతా పల్లెల్లో ఇంటింటికీ తిరిగి, తమరు ఉండే రెండంకెల తీసివేతే ఇచ్చి చూస్తారు. 2024లో మూడో తరగతి పిల్లల్లో దాన్ని చేయగలిగింది దాదాపు మూడో వంతు మంది. మేం పట్నంవాళ్ళం కదా అని మీసం మెలేద్దామంటే, మా హాల్లో నేల మీద 35 పళ్ళికిలిస్తోంది.

ఇక మర్యాదలు చాలు. నువ్వు అప్పువే కాదు. నీ పేరే అబద్ధం. పక్కింటివాళ్ళ దగ్గర తెచ్చుకోవడమని బడిలో చెబుతారే, ఏ పక్కిల్లు? ఆ ఐదూ ఈ రెండూ ఒకే 52లో ఉన్నాయి. ఇంట్లో ఉన్న నోటుని ఇంట్లోనే విడగొట్టుకుంటే దాన్ని అప్పంటారా?

ఈ సంగతి నాకు తట్టింది కాదు. గొడవ వినలేక మా అమ్మ పర్సు తీసుకుని వచ్చింది. ఐదు పదిరూపాయల నోట్లు, రెండు రూపాయి బిళ్ళలు నేల మీద పెట్టి, "ఇందులోంచి నాకు ఇరవై ఏడు ఇవ్వవే" అంది. పిల్ల రెండు నోట్లు ఇచ్చింది. ఏడు బిళ్ళలు లేవు. మేం నోరు తెరిచేలోగా ఓ నోటు పట్టుకుని సందు చివర కొట్టుకి పరిగెత్తింది. కొట్టాయన ఎనిమిది బిళ్ళలూ, చిల్లర లేదని రెండు రూపాయి చాక్లెట్లూ చేతిలో పెట్టాడు. దార్లో ఒక రూపాయి తినేసింది. ఆ లోటు నా జేబులోంచి భర్తీ చేశాక, నాయనమ్మకి ఏడు బిళ్ళలు లెక్కపెట్టి ఇచ్చింది. మిగిలినవి చూసింది: రెండు నోట్లు, మూడు బిళ్ళలు, ఓ చాక్లెట్, నా రూపాయి.

"ఇరవై ఐదు!"

"మరి ఎవరికి బాకీ ఉన్నాం?"

"బాకీ ఏంటి? చిల్లర మార్చాం, అంతే."

మధ్యాహ్నమంతా నడిచిన వ్యవహారంలో అసలైన అప్పు నా రూపాయి ఒక్కటే. అది ఇంకా తిరిగి రాలేదు.

ఇట్లు,
నీకు పైసా బాకీ లేని,
రెండో తరగతి బి సెక్షన్ పిల్ల తండ్రి

తా.క.: రేపటి హోంవర్క్ 100లోంచి 37. ముందు సున్నా దగ్గరికెళ్ళి అప్పు అడగాలట.