సరుకుల అలమర సంస్కరణలపై శ్వేతపత్రం

గృహపాలనలో ప్రతి శాఖా ఎప్పుడో ఒకప్పుడు సంస్కరణకు నోచుకుంటుంది కానీ, వంటింటి సరుకుల అలమరకు పట్టిన యోగం మరే శాఖకూ పట్టలేదు. మా ఇంట్లో ఈ క్రతువు ఏటా రెండుసార్లు జరుగుతుంది. కారణం ప్రతిసారీ ఒక్కటే. ఇంట్లో నిండుకుందనుకుని కొనుక్కొచ్చిన పంచదార, వెనుక వరుసలో ఏనాటి నుంచో కాపురముంటున్న మరో రెండు పంచదార పొట్లాల సరసన చేరుతుంది. దీన్ని మతిమరుపు అని సామాన్యులు పొరబడవచ్చు గానీ, ఇది కేవలం డబ్బాల కొరత అని మేము సుదీర్ఘ చర్చల అనంతరం తేల్చాము.

డబ్బాలు కొనడానికి ముందు అలమరలో ఏమున్నదో ఒకసారి చూసుకుంటే మంచిదన్న మోటు వాదం ఒకటి వినవచ్చింది. దాన్ని తిరస్కరించాము. ఉన్నదేమిటో తెలిస్తే వండుకోబుద్ధవుతుంది, వండుకుంటే అయిపోతుంది, అయిపోతే డబ్బాల అవసరమే ఉండదు. సంస్కరణకు ఇంతకు మించిన గొడ్డలిపెట్టు మరొకటి ఉంటుందా? అందుచేత మొట్టమొదటి చర్యగా ఒకే కొలతగల, లోపలిది పైకి కనిపించే లీటరు డబ్బాలను రెండు డజన్లు తెప్పించాము.

ఇక్కడ భౌతికశాస్త్రం మాకు సహకరించలేదు. లీటరు పట్టే చోటును చెబుతుంది, కిలో బరువును చెబుతుంది. లీటరు డబ్బాలో నీళ్లయితే కిలో పడతాయి గానీ, నీళ్లను అలమరలో దాచుకునేవారు అరుదు. బియ్యం సుమారు 800 గ్రాములు పడతాయి. వదులుగా పోసిన గోధుమపిండి 600 గ్రాములు కూడా పట్టదు. కాబట్టి కిలో సంచి విప్పి డబ్బా నింపిన ప్రతిసారీ సంచి అడుగున కొంత శేషం మిగిలింది. ఆ శేషాలకు రబ్బరు బ్యాండ్లు చుట్టి, ఏ డబ్బాది ఆ డబ్బా వెనుకనే భద్రపరిచాము. సంస్కరణకు పూర్వం అలమరలో ఇరవై పొట్లాలుండేవి. ఇప్పుడు ఇరవై డబ్బాలూ, వాటి చాటున ఇరవై పొట్లాలూ ఉన్నాయి.

రెండవ చర్య, పేర్లు అంటించడం. గాజులోంచి బియ్యంగా కనిపిస్తున్న బియ్యం మీద 'బియ్యం' అని ముద్దుగా రాశాము. బియ్యప్పిండి, మొక్కజొన్న పిండి, వంట సోడా అనే ముగ్గురు తెల్లదొరల దగ్గరకు వచ్చేసరికి మాత్రం చీటీలు అయిపోయాయి. వారిని గుర్తించే బాధ్యత కుటుంబంలోని వయోజనుల నాలుకలకు అప్పగించాము. తేదీల సంగతి మరీ సులువుగా తేలిపోయింది. 'ఫలానా తేదీలోపు వాడితే శ్రేష్ఠం' అన్నది రుచి గురించిన హామీ అనీ, 'ఫలానా తేదీలోపే వాడాలి' అన్నది ఆరోగ్యం గురించిన హెచ్చరిక అనీ, రెండింటినీ కలగలపరాదనీ మా ఇంట్లో ఏళ్ల తరబడి వాగ్వాదం నడిచింది. విప్పేటప్పుడు కత్తిరించిన సంచుల పైభాగాలతో పాటు తేదీలన్నీ చెత్తబుట్టలోకి వెళ్లడంతో ఆ వివాదం శాశ్వతంగా పరిష్కారమైంది.

ముందు వచ్చిన సరుకు ముందు ఖర్చు కావాలన్నది గోదాములు నడిపేవారి పాత సూత్రం. మేము డబ్బా సగమవగానే పైనుంచి కొత్త పిండి పోస్తాము, పైనుంచే తీస్తాము. అందువల్ల అడుగున ఉన్న గుప్పెడు పిండి డబ్బా ప్రారంభోత్సవం నాటి నుంచి పదవిలో కొనసాగుతోంది. ముడి గోధుమపిండిలో మొలక తాలూకు నూనె ఉంటుంది కనుక, గాలి తగిలేకొద్దీ అది కనరు వాసన కొడుతుంది. ఆ వాసన ఇప్పుడు పైవారికి కూడా సంక్రమిస్తోంది. ఉప్పుకూ పంచదారకూ తేమ తగిలి గడ్డకట్టడమే గానీ చెడిపోవడమంటూ లేదు. అన్నిటికన్నా బిగుతైన మూతలు వాటికే కేటాయించామన్నది ఈ సందర్భంగా సగర్వంగా మనవి చేస్తున్నాను.

ముక్కు పురుగు విషయంలో మా అంచనా తప్పింది. గాలి చొరబడని మూత ఉంటే పురుగు లోపలికి రాదనుకున్నాము. అది వచ్చేది బయటి నుంచి కాదట. ఆడ పురుగు గింజకు రంధ్రం చేసి, లోపల గుడ్డు పెట్టి, పైన పూత పూసి మరీ వెళుతుంది. గింజతో పాటే ఆ సంసారం ఇంటికొస్తుంది. అంటే మా మూతలు పురుగులను బయట నిలబెట్టలేదు, లోపల భద్రత కల్పించాయి. కొత్త గింజలను మైనస్ 18 డిగ్రీల చలిలో నాలుగు రోజులు ఉంచితే గుడ్లతో సహా నశిస్తాయని తెలిసింది గానీ, ఫ్రీజర్ శాఖ సంస్కరణ ఇంకా మొదలు కాలేదు.

చరిత్ర మా పక్షాన ఉందని చెప్పుకోవడానికి 1926లో ఆస్ట్రియా వాస్తుశిల్పి మార్గరెట్ షుట్టె-లిహోట్స్కీ రూపొందించిన ఫ్రాంక్‌ఫర్ట్ వంటగదిని ఉదాహరించాము. అందులోనూ పేర్లు రాసిన సరుకుల పెట్టెలున్నాయి. అయితే ఆవిడ పెట్టెలు అల్యూమినియంవి. పిండికి మాత్రం పురుగు దరిచేరకుండా ఓక్ చెక్కతో చేయించారు. రెంటిలోకీ వెలుతురు పోదు. మావి గాజువి, పైగా అందరికీ కనిపించాలని పొయ్యి పక్కనే, ఎండ పడే అరలో కొలువుదీర్చాము. వేడీ వెలుతురూ ఆవిరీ కలిసి మసాలా పొడుల ఘుమఘుమను నెల తిరగకముందే ఎగరగొట్టాయి. ఫొటోలు మాత్రం చక్కగా వచ్చాయి.

ఒక్క వరుస మాత్రమే పట్టే లోతు తక్కువ అరలు చేయించుకుంటే వెనుక వరుసే ఉండదనీ, వెనుక వరుస లేకపోతే మూడో పంచదార పొట్లం ఇంటికి రాదనీ కొలతలకొచ్చిన వడ్రంగి అన్నాడు. పని తెలిసిన మనిషే, సందేహం లేదు. మర్యాదగా కాఫీ ఇచ్చి పంపించేశాము.

రబ్బరు బ్యాండ్ల పొట్లాలన్నిటికీ ఒక పెద్ద డబ్బా కేటాయించి 'ఇతరములు' అని రాశాము. వంట మొదలుపెట్టగానే ఇంటిల్లిపాదీ మొదట తెరిచేది ఇప్పుడు దాన్నే. అది నిన్న నిండిపోయింది. 'ఇతరములు - 2' చీటీ సిద్ధంగా ఉంది, డబ్బా రేపు వస్తుంది.